గుంతలో పడి కారు దెబ్బతింటే పరిహారం రాబట్టుకోవడం ఎలా? మొదటి నిమిషం నుంచి చివరి కాగితం దాకా

వానలు మొదలయ్యాయంటే చాలు, ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: "గుంతలో పడి టైరు పగిలింది, అల్లాయ్ రిమ్ము వంగింది. బిల్లు ఎవరు కట్టాలి?"

జవాబు సూటిగా చెప్పుకుందాం. ఎక్కువ డబ్బు మీ సొంత ఇన్సూరెన్స్ నుంచే వస్తుంది. వాళ్లు ఇవ్వకుండా మిగిల్చినదాన్ని రోడ్డు నిర్వహించే సంస్థను అడగాలి. అది టోల్ కట్టిన రోడ్డయితే మీ చేతిలో కొంత బలం ఉంటుంది. కాలనీ రోడ్డయితే ఓపిక ఎక్కువ కావాలి. ఏ దారిలో వెళ్లినా కేసు నిలిచేదీ పోయేదీ మొదటి అరగంటలో మీరు చేసే పనుల మీదే.

ఈ వివరాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని సొంత కార్ల వాళ్ల కోసం. చట్టాలు చాలా వరకు కేంద్రానివే కాబట్టి బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్నవాళ్లకూ పనికొస్తాయి, ఆఫీసుల పేర్లు మారతాయంతే.

1. మీ పాలసీలో ఏముందో ముందే చూసుకోండి

ఇది ప్రమాదం జరగకముందే, ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని. పాలసీ పీడీఎఫ్ తెరిచి ఇవి చూడండి.

☐ "ఓన్ డ్యామేజ్" (మీ సొంత కారుకు కలిగే నష్టం) ప్రీమియం కట్టారా? థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ కారుకు ఒక్క రూపాయి కూడా రాదు.
☐ జీరో డెప్ ఉందా? విడిభాగాల తరుగుదల కోయకుండా ఇస్తారు. అయితే టైర్లు, బ్యాటరీ మామూలుగా ఇందులోకి రావు.
☐ టైర్ ప్రొటెక్ట్ ఉందా? టైరు ఒక్కటే పోతే కాపాడేది ఇదే.
☐ ఇంజన్ ప్రొటెక్ట్ ఉందా? కింద దెబ్బ తగిలి ఆయిల్ కారిపోయిన సందర్భాల్లో ఇది అవసరం.
☐ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబర్ ఫోన్‌లో సేవ్ చేశారా?

మామూలు ప్యాకేజీ పాలసీలో (ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ ఉన్నది) టైరు గురించి ఒక షరతు ఉంది, చాలామందికి బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది. టైరు మాత్రమే పగిలితే ఏమీ ఇవ్వరు. అదే దెబ్బకు కారులో మరో భాగం కూడా పాడైతేనే ఇస్తారు, అదీ కొత్త టైరు ధరలో 50 శాతం. కాబట్టి టైరుతో పాటు రిమ్ము, సస్పెన్షన్ కూడా దెబ్బతిన్నాయేమో జాగ్రత్తగా చూపించుకోవాలి.

2. గుంత తగిలిన వెంటనే: ఇంజన్ ఆపండి

దడేల్మని శబ్దం వచ్చింది, స్టీరింగ్ అదిరింది. బండి నడుస్తోంది కదా, ఇంటికెళ్లి చూద్దాంలే అనిపిస్తుంది. క్లెయిమ్ చెడేది ఎక్కువగా అక్కడే.

హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కకు తీసి, సురక్షితమైన చోట ఆపండి. ఇంజన్ ఆపేయండి. హైవే మీదైతే అందరినీ కారు దింపి రెయిలింగ్ అవతలికి పంపండి. వెనక కొంత దూరంలో ఎర్రటి హెచ్చరిక ట్రయాంగిల్ పెట్టండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే మిగతాదంతా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద 1033 కూడా పనిచేస్తుంది.

తర్వాత ఒంగి కారు కింద చూడండి.

☐ నల్లటి చుక్కలు పడుతున్నాయా? ఇంజన్ ఆయిల్ చాంబర్‌కు చిల్లు పడి ఉండొచ్చు.
☐ డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు వెలిగిందా?
☐ టైరు పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు వచ్చిందా? లోపలి దారాలు తెగాయన్నమాట. అలాగే నడిపితే ఎక్కడైనా పేలుతుంది.
☐ స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందా? చక్రం వంకరగా నిలబడిందా?
☐ ఎలక్ట్రిక్ కారైతే కింద బ్యాటరీ తొడుగుకు సొట్ట పడిందా? పడితే నడపకండి, చార్జింగ్ పెట్టకండి.

వీటిలో ఏది కనిపించినా మళ్లీ స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ పిలవండి. ఎందుకంటే గుంత తగిలి చాంబర్ పగలడం ప్రమాదం, దానికి ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. ఆయిల్ లేకుండా మీరు నడిపినందువల్ల ఇంజన్ పట్టేయడం మాత్రం "తర్వాత కలిగిన నష్టం". మామూలు పాలసీలో దానికి డబ్బు రాదు. చాంబర్ ఖర్చు వేలల్లో పోతుంది, ఇంజన్ ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. మధ్యలో ఉన్నది మీరు తాళం తిప్పడం, అంతే.

3. ఆధారాలు: గుంత రేపటికి ఉండకపోవచ్చు

మీరు ఫిర్యాదు చేసిన మర్నాడే గుంత మీద రెండు తట్టల తారు పడటం మనకు కొత్త కాదు. రోడ్డుకు మంచిదే, మీ కేసుకు కాదు. అందుకే అక్కడే, అప్పుడే ఫోటోలు తీయాలి. ట్రాఫిక్ చూసుకుని, పక్కన మనిషిని నిలబెట్టి తీయండి.

ఈ వరుసలో తీస్తే ఏదీ మిస్ కాదు:

☐ దూరం నుంచి ఒకటి: గుంత, దగ్గర్లోని షాపు బోర్డు లేదా ఫ్లైఓవర్ పిల్లర్ నంబర్ లేదా కిలోమీటరు రాయి ఒకే ఫ్రేములో.
☐ మీరు వచ్చిన దిశలో ఒకటి, ఎదురు దిశలో ఒకటి. హెచ్చరిక బోర్డు, బారికేడ్, రిఫ్లెక్టర్ ఏవీ లేవని కనిపించాలి.
☐ గుంత దగ్గరగా, లోతు తెలిసేలా. లీటరు నీళ్ల బాటిల్ గుంతలో నిలబెట్టండి. టేపు ఉంటే మరీ మంచిది.
☐ నీళ్లు నిండి ఉంటే ఒక కర్ర దించి, తడిసిన మేర పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. లోతు బయటికి కనిపించలేదని చెప్పడానికి, ఆ నీళ్లతో నిండిన గుంత ఫోటో కూడా ఉంచుకోండి.
☐ పగిలిన టైరు, వంగిన రిమ్ము, నంబర్ ప్లేటు ఒకే ఫ్రేములో.
☐ ఓడోమీటర్ రీడింగ్.
☐ కారు దగ్గర మొదలుపెట్టి గుంత దాకా నడుస్తూ, ఎక్కడా ఆపకుండా ఒక వీడియో.

ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచండి. ఫోటోల ఒరిజినల్ ఫైళ్లు చెరపకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, తీసిన చోటు వివరాలు పోతాయి. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, లేదా ఈమెయిల్ చేయండి. డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ రోజే కార్డు తీసి కాపీ చేసుకోండి. పాత వీడియో మీద కొత్తది రికార్డయిపోతుంది.

పక్కన పంక్చర్ షాపో టీ కొట్టో ఉంటే అక్కడివాళ్లతో ఒక మాట మాట్లాడండి. "ఈ గుంత ఎన్నాళ్ల నుంచి ఉందన్నా?" అని అడిగితే చాలు, మొత్తం చరిత్ర చెబుతారు. ఒప్పుకుంటే పేరు, ఫోన్ నంబర్ రాసుకోండి. గుంత పాతదని తేలడం మీకు చాలా ముఖ్యం. నిన్న రాత్రి వానకు పడిన గుంత గురించి అధికారులు "మాకెలా తెలుస్తుంది?" అనొచ్చు. మూడు నెలల గుంత గురించి ఆ మాట అనలేరు.

ఫోటోలు ఎప్పటికైనా కోర్టుకో వినియోగదారుల కమిషన్‌కో వెళ్తే, భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఒక ధ్రువపత్రం జత చేయాలి. ఏ ఫోన్‌తో తీశారు, ఫైలు మార్చలేదు అన్న సంగతి అందులో ఉంటుంది. ఆ ఫోన్ అమ్మేయకండి.

4. ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

తప్పు ఆఫీసుకు రాస్తే నెల తర్వాత "మా పరిధిలో లేదు" అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. కాబట్టి ఈ పని పక్కాగా చేయాలి.

ఊరి బయటైతే కిలోమీటరు రాయి చూడండి. రాయి పై భాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, అంటే రోడ్లు భవనాల శాఖ. నారింజ రంగైతే గ్రామీణ రోడ్డు, పంచాయతీరాజ్ ఇంజనీర్లను అడగాలి. నలుపు లేదా నీలం కనిపిస్తే జిల్లా రోడ్డు లేదా పట్టణ పరిధి.

జాతీయ రహదారులన్నీ ఎన్‌హెచ్ఏఐ (కేంద్ర జాతీయ రహదారుల సంస్థ) చేతిలో ఉండవు. కొన్నింటిని రాష్ట్ర రోడ్లు భవనాల శాఖలోని జాతీయ రహదారుల విభాగం చూస్తుంది. టోల్ ప్లాజా బోర్డు మీద, రసీదు మీద నిర్వహించే కంపెనీ పేరు ఉంటుంది. ఫోటో తీసుకోండి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాదు. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలోది, 2023లో 30 ఏళ్ల లీజుకు ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. అక్కడ దెబ్బ తగిలితే హెచ్ఎండీఏ, లీజు తీసుకున్న సంస్థ, ఇద్దరికీ రాయాలి.

నగరంలో ఇంకో చిక్కు ఉంది. రోడ్డు కార్పొరేషన్‌ది, గొయ్యి తవ్వింది జలమండలో విద్యుత్ శాఖో ఫైబర్ కేబుల్ కంపెనీయో. అంచులు నిటారుగా, గీత గీసినట్టు పొడుగ్గా ఉంటే అది సహజంగా పడిన గుంత కాదు, తవ్వి సరిగ్గా పూడ్చని కందకం. పక్కన పైపులు, కేబుల్ చుట్టలు, కంపెనీ బోర్డు ఏమున్నా ఫోటో తీయండి. అప్పుడు తవ్వినవాళ్లనూ, తవ్వనిచ్చిన కార్పొరేషన్‌నూ కలిపి అడగాలి.

5. అదే రోజు ఫిర్యాదు నంబర్ తీసుకోండి

ఈ ఫిర్యాదు వల్ల డబ్బు రాదు. ఫలానా తేదీన, ఫలానా చోట గుంత ఉందని వాళ్ల రికార్డుల్లోకే ఎక్కుతుంది. మనకు కావాల్సింది అదే.

జాతీయ రహదారి: 1033కి ఫోన్, లేదా ఎన్‌హెచ్ఏఐ వారి రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో ఫోటోతో ఫిర్యాదు. టోల్ ప్లాజాలో ఫిర్యాదుల పుస్తకం అడగండి. అడిగితేనే బయటికి వస్తుంది. రాసిన పేజీ ఫోటో తీసుకోండి.

హైదరాబాద్ నగర రోడ్లు: జీహెచ్ఎంసీ 040-21111111 లేదా వారి యాప్.

మిగతావి: ఆంధ్రప్రదేశ్‌లో 1100 కాల్ సెంటర్, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమం. తెలంగాణలో సోమవారం ప్రజావాణి. అర్జీ ఇస్తే రసీదు తప్పకుండా అడగండి.

పోలీసుల సంగతి: కారుకు మాత్రమే చిన్న నష్టమైతే ఎఫ్ఐఆర్ మామూలుగా అక్కర్లేదు. మనిషికి దెబ్బ తగిలినా, ఇంకో బండికి తగిలినా, కారు పల్టీ కొట్టినా తప్పకుండా స్టేషన్‌కు చెప్పాలి. నష్టం పెద్దదైతే జనరల్ డైరీలో నమోదు చేయించి కాపీ తీసుకోవడం మంచిది.

6. గ్యారేజీలో అడగాల్సినవి

ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా, నష్టం అంచనా వేయడానికి వాళ్లు పంపే సర్వేయర్ చూడకుండా ఒక్క నట్టు కూడా విప్పనివ్వకండి. మెకానిక్ మంచి ఉద్దేశంతోనే "రేపటికల్లా ఇచ్చేస్తా సార్" అంటాడు. ఆపండి.

పైకి రిమ్ము వంగినట్టే కనిపించినా అసలు ఖర్చు లోపల ఉంటుంది. కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి లోయర్ ఆర్మ్, బాల్ జాయింట్, టై రాడ్, లింక్ రాడ్, షాక్ అబ్జార్బర్, వీల్ బేరింగ్, ఆయిల్ చాంబర్ ఒక్కొక్కటీ చూడమనండి. అలైన్‌మెంట్ మెషీన్ ఇచ్చే ప్రింటు తీసుకోండి. దెబ్బ తగిలిన చక్రం దగ్గర అంకెలు తేడాగా రావడం గట్టి ఆధారం.

సస్పెన్షన్ భాగాల దగ్గరే ఎక్కువ గొడవ జరుగుతుంది. "ఇది అరిగిపోయింది, ప్రమాదం వల్ల కాదు" అని సర్వేయర్ కొట్టేస్తాడు. అందుకే ఎస్టిమేట్ మీద గ్యారేజీవాళ్లతో ఒక వాక్యం రాయించండి: "ఎడమ ముందు చక్రానికి బలమైన దెబ్బ తగిలినందున లోయర్ ఆర్మ్ వంగింది, కుడివైపు అదే భాగం బాగుంది." రెండు వైపుల ఫోటోలు పక్కపక్కన పెడితే అరుగుదల వాదన నిలవదు. అరిగితే రెండూ అరుగుతాయి కదా.

7. క్లెయిమ్ చేయడం లాభమా? లెక్క వేసుకోండి

టెన్షన్‌లో వెంటనే క్లెయిమ్ నంబర్ తీసుకుంటారు, మంచిదే. కంపెనీకి తెలియజేయడం ఆలస్యం కాకూడదు. కానీ డబ్బు తీసుకునే ముందు నో క్లెయిమ్ బోనస్ లెక్క వేసి తీరాలి. అంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడుతుంది.

ఉదాహరణకు, రెండేళ్లు దాటి మూడేళ్లు నిండని, 1500 సీసీ లోపు కారు. జీరో డెప్ లేదు. జీఎస్టీ పక్కన పెడదాం.

అల్లాయ్ రూ.9,000. లోహ భాగాలకు ఈ వయసులో తరుగుదల 15 శాతం కాబట్టి వచ్చేది రూ.7,650.
టైరు రూ.6,000. సగం, అంటే రూ.3,000.
కూలీ రూ.3,000. మొత్తం ఇస్తారు.
ఇందులో తప్పనిసరి కోత (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సినది) రూ.1,000. (1500 సీసీ దాటితే రూ.2,000.)
రూ.18,000 బిల్లుకు చేతికొచ్చేది రూ.12,650.

ఇప్పుడు పోయేది చూడండి. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా రూ.12,000 అనుకుందాం. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏళ్లలో తగ్గింపు 35, 45, 50, 50, 50 శాతం. క్లెయిమ్ చేస్తే 0, 20, 25, 35, 45. తేడాలు కలిపితే 105 శాతం, అంటే రూ.12,600.

వచ్చింది రూ.12,650, పోయింది రూ.12,600. ఏటా కారు విలువ తగ్గే కొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంకొంచెం తక్కువే ఉంటుంది. అయినా ఇంత తిరిగి చివరికి మిగిలేది ఎంతో అర్థమైంది కదా. మళ్లీ ఏడాది లోపల పెద్ద ప్రమాదం జరిగి క్లెయిమ్ చేయాల్సి వస్తే బోనస్ ఎలాగూ పోతుంది, అది వేరే సంగతి.

నా అభిప్రాయం: బిల్లు ఇరవై వేల లోపుంటే, బోనస్ ప్రొటెక్ట్ (క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడేది) లేకపోతే, మీ సొంత అంకెలతో ఈ లెక్క వేయకుండా క్లెయిమ్ చేయకండి. చాంబరో సస్పెన్షనో స్టీరింగో పోయి బిల్లు యాభై వేలు దాటితే ఆలోచించాల్సిన పనే లేదు, చేయండి.

8. క్లెయిమ్ చేసే వరుస

ఒకటి, కంపెనీ యాప్‌లో గానీ టోల్‌ఫ్రీ నంబర్‌కు గానీ తెలియజేయండి. వీలైతే అదే రోజు.

రెండు, ఎలా జరిగిందో నాలుగు వాక్యాల్లో నిజం చెప్పండి. "ఏదో తగిలింది" అనకండి. ఇలా చెప్పండి: "రాత్రి సుమారు 9 గంటలకు, ఫలానా చోట, వాన నీళ్లతో నిండిన గుంతలో ఎడమ ముందు చక్రం పడింది. టైరు, రిమ్ము, లోయర్ ఆర్మ్ దెబ్బతిన్నాయి. వెంటనే ఇంజన్ ఆపి టోయింగ్ చేయించాను." ఫోన్‌లో, ఫారంలో, సర్వేయర్‌తో మూడు చోట్లా ఇదే మాట ఉండాలి. తేడా వస్తే అనుమానం మొదలవుతుంది.

మూడు, కాగితాలు: ఆర్సీ, నడిపినవారి లైసెన్స్, పాలసీ, క్లెయిమ్ ఫారం, ఎస్టిమేట్, ఫోటోలు, టోయింగ్ రసీదు.

నాలుగు, సర్వే. చిన్న నష్టాలకు వీడియో కాల్‌లోనే చూస్తారు. మనిషి వస్తే మీరు కూడా అక్కడే ఉండండి. లోపల దాగిన నష్టం విప్పాక బయటపడితే, మళ్లీ చూడమని అప్పుడే అడగండి. బిల్లు అయ్యాక కాదు.

అయిదు, క్యాష్‌లెస్ గ్యారేజీలో మీ వాటా ఎంతో పని మొదలుకాకముందే రాతపూర్వకంగా తీసుకోండి. మార్చిన పాత భాగాలు బిల్లు తేలేదాకా ఉంచమనండి.

గడువులు కూడా గుర్తుంచుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం సర్వేయర్ నివేదికకు 15 రోజులు, అది అందాక కంపెనీ నిర్ణయానికి 7 రోజులు.

9. కోత పెట్టినా, కొట్టేసినా

కారణం రాతపూర్వకంగా అడగండి, సర్వే నివేదిక కాపీ కూడా. పాలసీలోని ఏ షరతు కింద తిరస్కరించారో నంబర్‌తో సహా చెప్పమనండి.

"ఆలస్యంగా చెప్పారు" అన్నదొక్కటే కారణమైతే, నిజమైన క్లెయిమ్‌ను ఆలస్యం పేరుతో యాంత్రికంగా తిరస్కరించొద్దని ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది. మీ లేఖలో ఆ మాట రాయండి, ఆలస్యానికి కారణం కూడా చెప్పండి.

తర్వాతి మెట్లు ఇవి. కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఈమెయిల్. జవాబు నచ్చకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసా, ఫోన్ 155255. నెలలో తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. ఇంత సులువైన దారి ఉండగా చాలామంది ఫేస్‌బుక్‌లో తిట్టి ఊరుకుంటారు.

10. రోడ్డు సంస్థను అడగడం

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఒక ఫారం నింపి గుంత నష్టం అడుగుతారు. మన దగ్గర కారు నష్టానికి అలాంటి కౌంటర్ లేదు. నోటీసుతో మొదలుపెట్టాలి.

నోటీసుకు ముందు, లేదా దాంతో పాటే, సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు రూ.10, జవాబుకు 30 రోజుల గడువు. ఈ ప్రశ్నలు చాలు:

☐ ఫలానా చోటు నుంచి ఫలానా చోటు వరకు రోడ్డు నిర్వహణ ప్రస్తుతం ఏ కాంట్రాక్టర్‌ది? ఒప్పందం కాపీ ఇవ్వండి.
☐ లోపాల బాధ్యత కాలం (రోడ్డు పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ఎప్పటివరకు ఉంది?
☐ ప్రమాదానికి ముందు ఆరు నెలల్లో ఈ భాగం మీద వచ్చిన ఫిర్యాదుల జాబితా.
☐ అదే కాలంలో తనిఖీ చేసిన తేదీలు, గుంతలు పూడ్చిన తేదీలు, చెల్లించిన బిల్లులు.

"ఎందుకు పూడ్చలేదు?" అని అడగకండి. ఆ చట్టం కింద రికార్డులు అడగాలి, సంజాయిషీ కాదు. ముందే ఫిర్యాదులు వచ్చాయని తేలినా, పూడ్చినట్టు బిల్లు తీసుకుని పూడ్చలేదని తేలినా మీ కేసు ఒక్కసారిగా బలపడుతుంది.

ఇన్సూరెన్స్ చెల్లించిన మొత్తాన్ని మళ్లీ రోడ్డు సంస్థను అడగకూడదు. మీ జేబులోంచి పోయినదే అడగండి: తప్పనిసరి కోత, తరుగుదల, టైరులో మిగతా సగం, టోయింగ్, కారు లేనన్నాళ్లు క్యాబ్ ఖర్చు, పోయిన బోనస్. ప్రతిదానికీ రసీదు ఉండాలి.

నోటీసు ఇలా రాయొచ్చు:

"ప్రాజెక్ట్ డైరెక్టర్ / కమిషనర్ / ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ గారికి,
విషయం: రోడ్డు నిర్వహణ లోపం వల్ల కలిగిన నష్టానికి పరిహారం.
ఫలానా తేదీ, ఫలానా సమయానికి, ఫలానా రోడ్డులో ఫలానా కిలోమీటరు రాయి దగ్గర నా కారు (నంబర్ ఫలానా) గుంతలో పడి దెబ్బతిన్నది. గుంత సుమారు ఇంత పొడవు, ఇంత లోతు ఉంది. అక్కడ హెచ్చరిక బోర్డు గానీ బారికేడ్ గానీ లేవు. అదే రోజు నమోదు చేసిన ఫిర్యాదు నంబర్ ఫలానా.
మరమ్మతు ఖర్చు ఇంత. ఇన్సూరెన్స్ నుంచి వచ్చింది ఇంత. నేను భరించింది ఇంత. వివరాలు జతపరిచాను.
ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా ఆ మొత్తం చెల్లించాలని కోరుతున్నాను. లేనిపక్షంలో చట్టప్రకారం చర్యలు తీసుకుంటాను."

రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. టోల్ రోడ్డయితే నిర్వహించే కంపెనీని కూడా చిరునామాలో చేర్చండి, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ జత చేయండి. ఏ ప్లాజా ఎన్ని గంటలకు దాటారో అందులో ఉంటుంది కాబట్టి, డబ్బు కట్టారనీ ఆ సమయంలో ఆ రోడ్డు మీదే ఉన్నారనీ రెండూ ఒకే కాగితంతో తేలతాయి. ఏడాది పాస్ ఉన్నవాళ్లు కూడా డబ్బు కట్టినవాళ్లే.

11. నోటీసుకు జవాబు రాకపోతే ఎక్కడికి వెళ్లాలి

టోల్ రోడ్డు: జిల్లా వినియోగదారుల కమిషన్. టోల్ కట్టారు కాబట్టి సేవ కొన్నారని వాదించవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయొచ్చు, చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, రెండేళ్ల గడువు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. కర్నూలు దగ్గర గుంతలో పడిన వరంగల్ మనిషి వరంగల్‌లోనే వేయొచ్చన్నమాట. గుంతల రోడ్డుకు టోల్ ఎందుకు కట్టాలన్న వాదనకు సుప్రీంకోర్టులోనూ బలం దొరికింది. కేరళలోని పాలియెక్కర టోల్ ప్లాజాలో వసూళ్లు ఆపిన హైకోర్టు ఉత్తర్వులో జోక్యం చేసుకోవడానికి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు నిరాకరించింది.

టోల్ లేని రోడ్డు: ఇక్కడ వినియోగదారుల కమిషన్ దారి కష్టం. రోడ్డు పన్ను పన్నే, సేవకు ఇచ్చిన ధర కాదు అంటారు. ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ కోసం) దరఖాస్తు ఇవ్వండి, సమాచారానికి 15100. ఖర్చు లేదు. అవతలివాళ్లను పిలిపిస్తారు, రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం.

అదీ కాకపోతే సివిల్ దావా. ప్రభుత్వ శాఖ మీదైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందస్తు నోటీసు తప్పనిసరి. పై నమూనా దానికి చాలదు, లాయర్‌తో రాయించండి. చట్టం కింద చేయాల్సిన పని చేయలేదన్న దావాలకు ఏడాదే గడువు అనే వాదన కూడా ఉంది కాబట్టి ఆలస్యం చేయకండి. పదిహేను వేల కోసం దావా దాకా వెళ్లమని నేను చెప్పను. లక్ష దాటితే ఆలోచించవచ్చు.

12. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయడం. అది వాహనం వల్ల ఇతరులకు కలిగిన నష్టం కోసం. రోడ్డు లోపం మీద మీ కారు మరమ్మతు ఖర్చుకు అది చోటు కాదు.

మోటారు వాహనాల చట్టం 198ఎ చూపించి లక్ష అడగడం. నాసిరకం రోడ్డు వేసినవారికి లక్ష దాకా జరిమానా ఉన్న మాట నిజమే. కానీ అది మరణమో వైకల్యమో సంభవించినప్పుడు, పైగా ఆ డబ్బు మీకు రాదు.

బాంబే హైకోర్టు 2025 అక్టోబర్ ఉత్తర్వును ఇక్కడ వాడటం. గుంతల వల్ల చనిపోతే 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షలు ఇవ్వాలని అది చెప్పింది. అది మహారాష్ట్రకు, అదీ మనుషులకు. కారుకు కాదు.

ఫోటోలు తీయకుండా వచ్చేయడం. మర్నాడు పొద్దున్నే వెళ్లి తీయండి. అప్పటికే పూడ్చేసి ఉంటే ఆ కొత్త తారు మచ్చనే ఫోటో తీయండి, అక్కడ గుంత ఉండేదని అదే చెబుతుంది. గూగుల్ మ్యాప్స్ స్ట్రీట్ వ్యూలో పాత చిత్రం దొరుకుతుందేమో చూడండి.

కార్పొరేషన్‌లో తెలిసినవాళ్ల మాట నమ్మి నోటీసు ఆపేయడం. "మాట్లాడి ఇప్పిస్తా" అన్న మనిషి బదిలీ అయిపోతాడు, గడువు కూడా దాటిపోతుంది. ఆయన మాట్లాడే పని ఆయన మాట్లాడతాడు, మీ నోటీసు మీరు పంపండి.

చివరికి అవతలివాళ్లు రాజీకి వస్తే, సంతకం పెట్టే కాగితంలో "పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట ఉందేమో చూడండి. అది ఉంటే ఆ తర్వాత అలైన్‌మెంట్ కుదరలేదనో బేరింగ్ శబ్దం వస్తోందనో మళ్లీ అడగడానికి లేదు. అందుకే మరమ్మతు అయ్యాక కొన్నాళ్లు నడిపి, హైవే మీద ఒకసారి స్టీరింగ్ వదులుగా పట్టుకుని కారు పక్కకు లాగడం లేదని తేల్చుకున్నాకే సంతకం చేయండి.